తొమ్మిదో లాకు ఇంటిబడి

బహుళ ఏకాదశి

తేదీ వెయ్యమంటోంది ఈ పుస్తకం. వెయ్యను. పోటు తేదీ చూసుకుని రాదు, తిథి చూసుకుని వస్తుంది. గట్టు కింద బతికేవాళ్ళకి ఆ మాత్రం తెలియాలి. తెలియనివాళ్ళంతా కొండ మీద మండలిలో కూచున్నారు, పొడి చెప్పులేసుకుని.

విద్యామండలి పద్నాలుగో నిబంధన ప్రకారం, బిడ్డని ప్రభుత్వ బడికి పంపకుండా ఇంట్లో చదివించుకునేవాళ్ళు రోజూ ఏం నేర్పుతున్నారో సొంత చేత్తో ఇందులో రాయాలట. సరే, రాస్తున్నాను, ఏడవండి. పేరు మట్టపర్తి నూకరత్నం. వయసు అరవై రెండు. ఉద్యోగం తొమ్మిదో లాకు లస్కరు. అంటే కాలవకీ సముద్రానికీ మధ్యనున్న ఇనప తలుపులు ఎత్తడం, దించడం, వాటికి గ్రీజు పెట్టడం, రోజూ గట్టు పొడుగునా నడిచి చూసుకోవడం. ఎత్తడం దించడం ఇప్పుడు మండలి కంప్యూటరు లాగేసుకుంది. గ్రీజు నాకు వదిలేసింది, మహాతల్లి.

చదివించే బిడ్డ లోవకుమారి, నా కూతురి కూతురు, పదకొండేళ్ళు. బిడ్డ తల్లి సత్యవేణి, లేదు. కారణం అని ఉన్న చోట "గండి" అని రాసేను.

రాయగానే ఆ మాట కింద ఎర్రగీత పడింది. ఇది ఉత్త పుస్తకం కాదు లెండి. రాసింది రాసినట్టు కొండ మీదికి మోసేసి, వాళ్ళకి కిట్టని మాట కింద గీత గీస్తుంది. పక్కన చిన్నక్షరాల్లో పడింది: "ఏడో గట్టుకు ఇంతవరకు గండి పడలేదు. సవరించండి." ఏడో గట్టంటే మాదే. సవరించలేదు. ఎలాగూ ఇది చదివేది మర, మనిషి కాదు. మనుషులు చదివేటంత ఓపిక మండలిలో ఎవడికీ లేదు.

ఈరోజు నేర్పింది: నీటి మట్టం బద్ద చదవడం, పదమూడో ఎక్కం, కరవకుండా పీతని పట్టుకోవడం. ఎక్కం రెండుసార్లు తప్పింది. పీత ఒక్కసారి కరిచింది.

బహుళ త్రయోదశి

పొద్దున్నే ఇంటిచదువుల తనిఖీ అధికారి పడవ దిగేడు. పేరు పరాంకుశం. ముప్పై అయిదేళ్ళుంటాయి, జెల్ల చేప మీసాలు. గుమ్మం ముందు నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని తన పలకని అడిగేడు. పలక అంటే అదే, బడిపిల్లలందరి చేతుల్లోనూ ఉండే మాట్లాడే పలక. ప్రశ్న అదే వేస్తుంది, జవాబూ అదే చెబుతుంది. చెప్పింది చెప్పినట్టు అప్పగిస్తే పచ్చగా వెలుగుతుంది, ఒక్క ముక్క మార్చితే ఎర్రబడుతుంది. పదేళ్ళు అలా చదివి పిల్లలు గంగిరెద్దుల్లా తలాడించడం నేర్చుకుని బయటికొస్తారు. వాళ్ళలో బాగా ఆడించినవాడు పరాంకుశం అవుతాడు.

"అమ్మా నూకరత్నం గారూ, పాపకి పరీక్ష ఉందండి," అన్నాడు. "శుద్ధ పంచమినాడు, బడిలోనే. పన్నెండు ప్రశ్నలు. తప్పితే మీ అనుమతి రద్దవుతుంది. పాప బడి హాస్టల్లో ఉండాలి. ఆదివారం ఒక్కపూట ఇంటికి పంపుతారు."

"హాస్టలెందుకు? బడి మా గట్టు కిందే కదా, ఇక్కణ్ణించి రాయి విసిరితే పడుతుంది."

"ఇంటిచదువు పిల్లలకి ఇంటి ప్రభావం పోయేదాకా హాస్టలేనండి. నిబంధన."

ఇంటి ప్రభావమట. జలుబు అనుకున్నారు కాబోలు.

"ఏం ప్రశ్నలు?" అన్నాను.

"బడి పుస్తకంలో పన్నెండు పాఠాలండి. పాఠానికొకటి."

"పన్నెండో పాఠం ఏవిటి?"

జెల్ల మీసాలు నేలచూపులు చూసేయి. "మన గట్టు, అండి."

"ప్రశ్న?"

"ఏడో గట్టుకు ఎన్నిసార్లు గండి పడింది? అని అండి. జవాబు సున్నా."

ఏడేళ్ళ కిందట ఇదే గట్టు, ఈ తొమ్మిదో లాకుకి మూడొందల గజాల దూరంలో, పట్టపగలు తెగింది. నా కూతురు అందులో పోయింది. మూడోనాడు దొరికింది. మండలి యంత్రాలు ఒక్కపూటలో గండి పూడ్చేసి, కాయితాల్లో "నిర్వహణ పని" అని రాసుకుని వెళ్ళిపోయాయి. గండి అని రాస్తే ఎవడో ఒకడు జవాబు చెప్పాలి కదా. నిర్వహణ పనికి ఎవడూ చెప్పక్కర్లేదు.

"తల్లి ఎలా పోయిందో తెలిసిన పిల్ల చేత సున్నా రాయిస్తావా, బాబూ?"

"నేను పెట్టిన ప్రశ్న కాదమ్మా," అన్నాడు. అని పడవెక్కేడు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాట్ట ఒకడు. వీళ్ళు అది పాఠంగా అచ్చేసి, నాలుగో కాలు చూసిన పిల్లని పట్టుకెళ్ళి హాస్టల్లో పెడతారు. పుస్తకం ఈ వాక్యం మొత్తం ఎర్రగా చేసింది. చేసుకోనీ.

లోవ వంటింట్లోంచి అంతా వింది. అన్నం తింటూ అడిగింది, "అమ్మమ్మా, ఆవేళ అమ్మ అంత గట్టిగా కేకలేసింది కదా. రోడ్డు మీద జనం ఉన్నారన్నావు కదా. ఎవరూ ఎందుకు రాలేదు?"

ఇదెప్పుడూ అడిగేదే. నేనెప్పుడూ చెప్పేదే చెప్పేను. "గొడ్లే వాళ్ళు. కేకేస్తే గొడ్లు వస్తాయా?"

అమావాస్య

నిండు పోటు. పొద్దున్న ఇద్దరం గట్టు నడిచేం. బడి ఆటస్థలం కంచె పక్కన, గట్టు అడుగున చెమ్మ కనపడింది. కూచుని చూస్తే చిటికెనవేలంత ఊట. బుడబుడమని పైకొస్తోంది. తేటగా ఉంది.

ఈరోజు నేర్పింది ఇదే, రాస్తాను. గట్టు అడుగున ఊట పుడితే ముందు నీళ్ళ రంగు చూడాలి. తేటగా వస్తే గట్టు ఉత్తినే చెమర్చిందని. బురదగా వస్తే లోపల్నించి ఇసక కొట్టుకొస్తోందని, అంటే గట్టు కడుపు ఖాళీ అవుతోందని. దాన్ని మా ఇంట్లో "గట్టు మట్టి కక్కుతోంది" అంటాం. అప్పుడు తెలివితక్కువవాళ్ళు చేసే పని, కంత మూసెయ్యడం. మూస్తే పక్కన పేలుతుంది. మూయకూడదు. చుట్టూ ఇసక మూటలు పేర్చి నూతికి ఒర కట్టినట్టు కట్టాలి. నీళ్ళు ఒరలో నిలబడి పైనించి నొక్కుతాయి, ఇసక ఆగుతుంది. ఈలోగా పోటు తగ్గి పాటు తిరుగుతుంది. పాటు తిరిగేక లాకు తలుపులెత్తితే కాలవ సముద్రంలోకి జారిపోయి గట్టు మీద బరువు తగ్గుతుంది. పోటు మీద ఎత్తితే సముద్రమే లోపలికొస్తుంది. అందుకని ఒర కట్టి, కాసుకుని కూచోవాలి. అంతే విద్య.

లోవ ఒక్కసారికే పట్టేసింది. నా మనవరాలు మరి.

కంచె అవతల బడిపిల్లలు ఆడుకుంటున్నారు. నీలం యూనిఫారాలు, నీలం సంచులు, మూల పేర్చిన పలకలు.

"వాళ్ళకీ చెబుదామా అమ్మమ్మా? వాళ్ళు ఇక్కడే కదా ఉంటారు," అంది లోవ.

"నోరుముయ్యి. లస్కరు విద్య గడప దాటకూడదు."

అది మా ఇంటి కట్టుబాటు. నేను కోడలిగా వచ్చిన రోజున మా మామగారు నా చెయ్యి గడప మీద పెట్టించి ఒట్టేయించుకున్నాడు. గట్టు సంగతి అందరికీ తెలిస్తే ఇంక లస్కరు ఎవడిక్కావాలి, లాకు ఇల్లు ఎవడుంచుతాడు అనేవాడు. నేనూ సత్యవేణి చేత అలాగే ఒట్టేయించేను. అయినా పలక చెప్పనిది ఈ బడిపిల్లల బుర్రకెక్కుతుందా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మండలికి మాత్రం ఊట సంగతి రాసి పంపేను. గంటలో జవాబొచ్చింది. "ఏడో గట్టులో ఊటలు లేవు. కుళాయి గొట్టం లీకు కావచ్చు. పారిశుధ్య విభాగానికి పంపబడినది." చదివి నవ్వేను. నవ్వాక ఒళ్ళు మండింది.

శుద్ధ చవితి

రేపు పరీక్ష. పదకొండు పాఠాలు లోవకి వచ్చేసేయి. అవి మూడురోజుల పని, వాళ్ళకి ఏడాది పడుతుంది.

పన్నెండోది చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి పీతలు వలుస్తూ అన్నాను, "సున్నా అని రాసెయ్యవే. వాళ్ళ కాయితం, వాళ్ళ అబద్ధం. ఉమ్మేసినట్టు రాసేసి వచ్చెయ్. ఇంటికొచ్చేక నోరు కడుక్కుందాం."

లోవ పీత డెక్క విరిచి గిన్నెలో వేసింది. "అబద్ధం రాస్తే నీ దగ్గర ఉంటాను. నిజం రాస్తే వాళ్ళు తీసుకుపోతారు. అంతేనా?"

"అంతే."

"అయితే బడిలోకి తీసుకుపోయేది నిజం రాసినవాళ్ళనా?"

ఈ పిల్లకి నోరెక్కువ. ఎవరి పోలికో నాకు తెలుసు.

"లోవా," అన్నాను, "నువ్వు పోతే నాకెవరున్నారే? సున్నా రాయవే తల్లీ." అరవై రెండేళ్ళలో నేనెవర్నీ బతిమాలుకోలేదు. ఈ మాట ఈ పుస్తకంలో ఉండటం నాకిష్టం లేదు. కొట్టేస్తే అనుమానం వస్తుందని ఉంచేను.

శుద్ధ పంచమి

ఒకటి రాసింది.

ఒకటి రాసి ఊరుకోలేదు. కింద "మా అమ్మ మట్టపర్తి సత్యవేణి అందులో పోయింది" అని కూడా రాసిందట. వినగానే చెయ్యెత్తేను. ఎత్తిన చెయ్యి తలుపు మీద కొట్టుకున్నాను, ఇప్పటికీ వాచి ఉంది.

"ఎందుకే? బతిమాలేను కదే?"

లోవ ఏడవలేదు. అన్నం గంటలో బడిపిల్లలతో కూచుని తిందట. పెద్ద తరగతి పిల్ల ఒకతి, శర్వాణి అని, మీ అమ్మేదని అడిగిందట. గండిలో పోయిందని ఇది చెప్పింది. ఆ పిల్ల పలకని అడిగితే, ఏడో గట్టుకు గండి పడలేదని పచ్చగా వెలిగిందట.

"అప్పుడా అమ్మాయి ఏవందో తెలుసా అమ్మమ్మా? వెటకారంగా కాదు, జాలిగానే అంది. గండి పడలేదు కదా, అయితే మీ అమ్మ నిన్ను వదిలేసి వెళ్ళిపోయిందేమో అంది." లోవ చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టింది. "నేను సున్నా రాస్తే అదే నిజమవుతుంది కదా."

రాత్రికి ఏం వండను అని అడిగేను.

శుద్ధ దశమి

ఫలితం పుస్తకంలోనే వచ్చింది. పన్నెండింటికి పదకొండు ఒప్పులు. పన్నెండో ప్రశ్న మాత్రం "తప్పనిసరి విభాగం" అట, అది తప్పితే అన్నీ తప్పినట్టే. అనుమతి రద్దు. ద్వాదశినాడు బిడ్డని అప్పగించాలి. ఈ పుస్తకం తిరిగిచ్చెయ్యాలి. ఖాళీ పేజీలుంటే తీసుకోరట, నింపి ఇవ్వాలట. లాక్కునేదాకా పిల్ల, నింపేదాకా పుస్తకం. ఎంత పద్ధతైన దొంగలమ్మా.

శుద్ధ ద్వాదశి

పరాంకుశం పడవలో వచ్చేడు. లోవ రెండు గౌనులూ, వాళ్ళమ్మ దువ్వెనా సర్దుకుంది. గుమ్మం దాటబోతుంటే ఆపేను.

"గడప మీద చెయ్యి పెట్టు. గట్టు విద్య బడిలో ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

చెయ్యి వెనక్కి దాచుకుంది. "ఆవేళ ఎవరూ ఎందుకు రాలేదో సరిగ్గా చెప్పు. అప్పుడేస్తాను."

"చెప్పేను కదే, గొడ్లని."

"శర్వాణి గొడ్డు కాదు అమ్మమ్మా. నాకు తన కూరలో సగం పెట్టింది."

ఒట్టు వెయ్యకుండానే గడప దాటేసింది. మా ఇంట్లో అలా దాటిన మొదటి ఆడపిల్ల ఇదే. పరాంకుశం అంతసేపూ మీసాలు సవరించుకుంటూ నీళ్ళకేసి చూసేడు. పడవెక్కబోతూ నాకొక్కదానికే వినపడేలా అన్నాడు, "అమ్మా, మీ పుస్తకం మర కాదండి చదివేది. నేనే. జెల్ల చేప దగ్గర్నించీ అన్నీ చదివేను."

సిగ్గేసిందని రాస్తే అబద్ధం. చదివినవాడు ఏం పీకేడని? ఇదీ చదువుకో, నాయనా.

శుద్ధ త్రయోదశి

గట్టు నడిచేను. ఊట బొటనవేలంత అయింది. ఇంకా తేటగానే ఉంది. మళ్ళీ రాసి పంపేను, మళ్ళీ కుళాయి అన్నారు.

కంచె దగ్గర నిలబడితే లోవ పరుగెత్తుకొచ్చింది. నీలం సంచి, నీలం బట్టలు. మనిషి కళకళలాడుతోంది. ఒక్కరోజులోనే. ఏడుస్తుందేమోనని జంతికలు పట్టుకెళ్ళేను, తీసుకెళ్ళి అందరికీ పంచేసింది.

"ఇవాళ కబడ్డీ ఆడేం అమ్మమ్మా. మా జట్టు గెలిచింది. హైమ టీచరు మంచిది, కానీ పాపం ఆవిడ గట్టెప్పుడూ ఎక్కలేదు."

మా జట్టు అట. ఏడేళ్ళు పెంచినదాన్ని, నాతో జట్టనలేదు ఎప్పుడూ. ఇద్దరితో జట్టు ఎలా అవుతుంది లెండి. ఇంటికొచ్చి గ్రీజు డబ్బా తీసుకుని, గ్రీజు అక్కర్లేని చోటల్లా పెట్టేను.

పున్నమి

చేతులు బొబ్బలెక్కేయి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకు చదువు పరాంకుశం.

ఇవాళ ఏడాదిలో పెద్ద పోటు. పదిగంటలకి సముద్రం లాకు తలుపుల నెత్తి దాకా వచ్చింది. కాలవ దిగే దారి లేక నిండిపోయి ఉంది. పదిన్నరకి బడిగంట ఆగకుండా మోగింది. ఏడేళ్ళ కిందటి పున్నమే కళ్ళముందుంది. చేతికందిన గోనెసంచులు రెండు ఇసకతో నింపుకుని ఈడ్చుకుంటూ పరుగెత్తేను. అరవై రెండేళ్ళ ముసలిది రెండు మూటలతో ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. అయినా పరుగెత్తేను.

అక్కడ ఏం జరిగిందో తరవాత హైమ టీచరే చెప్పింది. ఆటస్థలంలో ఊట పిడికిలంతై బురద కక్కడం మొదలెట్టింది. ఆవిడ పలకని అడిగింది. పలక, "కుళాయి లీకు. ఆట కొనసాగించండి" అంది. బడి కాపలాదారు సిమెంటు బస్తా తెచ్చి కంత మూసెయ్యబోయేడు. లోవ పోయి ఆ బస్తా మీద కూచుందట. "మూస్తే పేలుతుంది. మా అమ్మ ఇలాంటి ఊట దగ్గరే పోయింది" అందట.

ఆ టీచరమ్మ పలక కేసి చూసింది. నీళ్ళ కేసి చూసింది. పలకని నేలమీద బోర్లా పెట్టి, "నీకు తెలుసా ఏం చెయ్యాలో?" అంది లోవని. ఇరవై అయిదేళ్ళు ఉండవు ఆవిడకి. నేను ఆవిణ్ణి పలకకి తోక అని ఈ పుస్తకంలో రాద్దామనుకుని మర్చిపోయేను. మర్చిపోవడమే మంచిదైంది.

నేను వెళ్ళేసరికి చిన్న తరగతులన్నీ గట్టెక్కి కూచుని ఉన్నాయి. కింద, పెద్ద తరగతి పిల్లలు నలభైమంది. పుస్తకాలూ పలకలూ అన్నీ ఒక పక్కకి కుమ్మరించేసి, నీలం సంచుల్నిండా ఆటస్థలం ఇసక కూరి, ఊట చుట్టూ ఒర కట్టేసేరు. రెండు వరసలు, సందు లేకుండా. శర్వాణి అనే ఆ పిల్ల సందుల్లో తడిమట్టి కూరుతోంది. కాపలాదారు పార పట్టుకుని ఇసక తవ్విపెడుతున్నాడు. ఒరలో నీళ్ళు నడుం దాకా లేచి అంచు మీంచి పొర్లుతున్నాయి. వంగి దోసిట్లోకి తీసుకున్నాను. తేటబడుతున్నాయి.

నా రెండు మూటలూ ఎక్కడ పెట్టాలో చోటు లేదు.

"లోవా! గట్టెక్కవే! తెగితే చస్తారే అందరూ!" అని అరిచేను.

అది తలెత్తింది. మొహమంతా బురద. "అమ్మమ్మా, నువ్వు తలుపుల దగ్గరికి పో. పన్నెండింటికి పాటు తిరుగుతుంది. ఇక్కడ మేం ఉన్నాం."

ఏడేళ్ళ కిందట సత్యవేణి కూడా తలుపుల దగ్గరికి పొమ్మంది. అప్పుడు "మేం" అనడానికి ఎవరూ లేరు. "నేనుంటాను" అంది.

వెళ్ళేను. పాటు తిరిగింది. మండలి కంప్యూటరు తలుపులెత్తలేదు, ఎత్తమని అడిగితే "తదుపరి షెడ్యూలు సాయంత్రం నాలుగు" అంది. మండలి వేసిన సీలు పగలగొట్టి, తలుపులెత్తే చేతిచక్రం పట్టుకున్నాను. దానికి నేను పెట్టిన గ్రీజు ఊరికే పోలేదు. తలుపులు లేచేయి. రెండింటికల్లా కాలవ మూడడుగులు దిగింది, ఊట చచ్చిపోయింది. నలభైమందీ ఆ సంచుల మీదే కూచుని అన్నాలు తిన్నారట.

బహుళ విదియ

పరాంకుశం రెండు నోటీసులు తెచ్చేడు. ఒకటి నాకు: అనుమతి లేకుండా సీలు పగలగొట్టినందుకు. రెండోది బడికి: ప్రభుత్వం పంపిణీ చేసిన నలభై సంచులు నిర్దేశించిన పనికి కాక వేరే పనికి వాడినందుకు. ఏడురోజుల్లో సంజాయిషీ.

"గండి తప్పింది కదయ్యా," అన్నాను.

"తప్పింది కాబట్టి పడలేదండి. పడలేదు కాబట్టి పన్నెండో పాఠం అలాగే ఉంటుంది." చెబుతూంటే వాడికే మొహం చెల్లలేదు. పలక కట్టేసి సంచిలో పెట్టి, అప్పుడన్నాడు, "నిన్న వారం పరీక్ష అండి. పన్నెండో ప్రశ్నకి పదిహేడుమంది ఒకటి అని రాసేరు."

"మిగతా ఇరవైమూడుమందీ?"

"సున్నా అండి."

"నోటీసు ఎవరికి ఇస్తావు ఇప్పుడు?"

"అదేనండి, దానికి ఫారం లేదు." అని మొదటిసారి నవ్వేడు. నవ్వితే మీసాలు అంత చండాలంగా ఏం లేవు.

ఆ ఇరవైమూడుమందినీ తిడదామని పుస్తకం తెరిచేను. తిట్టలేదు. వాళ్ళకి ఇంకా రెండురోజులే అయింది.

బహుళ చవితి, ఆదివారం

చివరి పేజీ.

పొద్దున్న లోవ వచ్చింది, వెనకాల ముప్పైతొమ్మిదిమంది. హైమ టీచరు కూడా. లాకు చూస్తారట, గట్టు విద్య నేర్చుకుంటారట. మా మామగారి గడప మీద నలభైమంది పిల్లల బురద చెప్పులు. ఎవర్నీ ఆపలేదు. చేతిచక్రం తిప్పించేను, మట్టం బద్ద చదివించేను, తేట నీళ్ళూ బురద నీళ్ళూ రెండు గ్లాసుల్లో పట్టి చూపించేను. ఒక్కళ్ళూ గంగిరెద్దులా తలాడించలేదు. ప్రశ్నల మీద ప్రశ్నలు, బుర్ర తినేసేరు.

జంతికలు తింటూ శర్వాణి అడిగింది, "మామ్మగారూ, ఆవేళ సత్యవేణి గారు కేకలేస్తే ఎవరూ ఎందుకు రాలేదండీ?"

గొడ్లు అనే మాట నోటిదాకా వచ్చింది. ఏడేళ్ళుగా అలవాటైన మాట. ఎదురుగా లోవ కూచుని ఉంది.

"గట్టు మట్టి కక్కుతోంది, మూటలు తెండి, అని అరిచింది సత్యవేణి," అన్నాను. "రోడ్డు మీద నలభైమంది పైనే ఉన్నారు. వాళ్ళు ఆగేరు కూడా. చూసేరు. గట్టు కింద కాసిని బురద నీళ్ళు. కుళాయి వాళ్ళకి చెప్పమ్మా అని ఒకాయన మంచిగానే చెప్పి వెళ్ళేడు. ఎందుకంటే, ఆ నీళ్ళంటే ఏవిటో వాళ్ళెవరికీ తెలీదు. మేం చెప్పలేదు. మాకు తెలిసి, తాతల్నాటినించీ తెలిసి, ఇంట్లో పెట్టుకున్నాం. మండలి పుస్తకంలో లేదని మండలిని తిడుతూ కూచున్నాను కానీ, మా ఇంట్లోంచి కూడా అది బయటికి పోలేదు. నా చేత్తో నేనే ఒట్టేయించేను దాని చేత. దానికి అరవడమే తప్ప చెప్పే వ్యవధి లేకపోయింది."

హైమ టీచరు కళ్ళు తుడుచుకుంది. లోవ నాకేసి చూడలేదు. జంతిక చిన్నచిన్న ముక్కలు చేస్తూ కూచుంది. నన్ను అసహ్యించుకుంటే అసహ్యించుకోనీ, న్యాయమే అనుకున్నాను.

మధ్యాహ్నం అందరూ బయల్దేరేరు. లోవ గడప దగ్గర ఆగి, చెప్పులేసుకుంటూ, తలొంచుకునే అడిగింది.

"ఆవేళ మీ దగ్గర ఎన్ని మూటలున్నాయి అమ్మమ్మా?"

"పదకొండు."

"నలభై ఉంటే?"

"నలభై ఉంటే, ఇవాళ నిన్ను ఇంటికి తీసుకురావడానికి మీ అమ్మ వచ్చేది."